బేస్‌బాల్ బ్యాటింగ్ టీ: క్రికెట్ చేతులున్న పిల్లాడికి పనికొస్తుందా?

ముందు మార్కులు చెప్పేస్తా, ఓపికుంటే మిగతాది చదవండి. వస్తువుగా చూస్తే ఐదుకి మూడు. చేసిన పనిని చూస్తే నాలుగున్నర.

బ్యాటింగ్ టీ చూడనివాళ్ల కోసం: నేల మీద హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే ఐదు మూలల పలక) ఆకారంలో రబ్బరు దిమ్మ, దాని మధ్యలోంచి పైకి లేచే గొట్టం, గొట్టం కొసన మెత్తటి రబ్బరు కప్పు. కప్పులో బంతి పెడితే పిల్లాడు కొడతాడు. అంతే, బ్యాటరీ లేదు, మోటార్ లేదు. పార్సిల్ విప్పగానే మా అక్క "నిలబెట్టిన బాలును కొట్టేదానికి ఇంత దుడ్డు పెట్టినావా" అంది. రెండు వేలకి కాస్త తక్కువే. అమెరికా బేస్‌బాల్ మేజర్ లీగ్‌లో కోట్లు తీసుకునేవాళ్లు కూడా మ్యాచ్‌కి ముందు దీని మీదే కొట్టుకుంటారని చెప్తే నమ్మలేదు, వీడియో చూపించినాక "వాళ్లకి పనీ పాటా లేదు" అని టీవీ పెట్టుకుంది.

కొన్నది ఆమె కొడుకు కోసమే. పదమూడేళ్లు, కుడిచేతి వాటం, ఊరు అనంతపురం. ఇక్కడ పిల్లాడు నడక నేర్చిన వెంటనే క్రికెట్ బ్యాట్ పట్టుకుంటాడు, 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఆర్‌డీటీ స్పోర్ట్స్ విలేజ్‌లో ఆడినప్పుడు సగం ఊరు అక్కడే ఉంది. అదే స్పోర్ట్స్ విలేజ్‌లో నాదల్ పేరుతో 2010 నుంచి టెన్నిస్ స్కూల్ ఉంది, కానీ మా వీధిలో ఎవరినైనా అడగండి, ఆట అంటే క్రికెట్టే. స్కూల్ గేమ్స్‌లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ కూడా ఉంటాయి కాబట్టి పీటీ సార్లు క్రికెట్ టీమ్‌లో చోటు దొరకని, చెయ్యి గట్టిగా విసిరే పిల్లల్ని అటు లాగుతారు. విసరడం వరకు ఇబ్బంది లేదు. 2008లో అమెరికా జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ తీసుకున్న ఇద్దరు మన దేశపు కుర్రాళ్లు రింకూ సింగ్, దినేష్ పటేల్ అంతకుముందు బేస్‌బాలే ఆడలేదు, జావెలిన్ విసిరేవాళ్లు. వాళ్లను తీసుకున్నది కూడా పిచర్లుగానే (బంతి విసిరేవాళ్లు), బ్యాటర్లుగా కాదు. ఎందుకో మావాడి స్వింగ్, అంటే బ్యాట్ తిప్పే తీరు, చూస్తే అర్థమవుతుంది.

వాడి జబ్బు ఏంటంటే చేతులు ముందే చాచేస్తాడు. క్రికెట్‌లో పెద్ద షాట్ కొట్టాలంటే "చేతులు ఫ్రీ చెయ్యి" అంటారు కదా, అదే ఇక్కడా చేస్తాడు. బంతి ఇంకా దారిలో ఉండగానే ముంజేతులు రెండూ ఒంటి నుంచి దూరంగా వెళ్లిపోతాయి, బ్యాట్ కొస బయటివైపు నుంచి పెద్ద చుట్టు తిరిగి వస్తుంది. చూడ్డానికి బలంగానే ఉంటుంది, గాలి చప్పుడు కూడా బాగా వస్తుంది. కానీ ఒంటికి దగ్గరగా వచ్చిన బంతికి హ్యాండిల్ అడ్డం పడుతుంది, అరచేతులు జిల్లుమంటాయి, బంతి పిచర్ దగ్గరికి ముక్కుతూ మూలుగుతూ దొర్లుతుంది. దూరంగా వచ్చిన బంతి తగిలినా మణికట్టు ముందే తిరిగిపోయి ఉంటుంది కాబట్టి నేల మీద పాకుతూ షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డర్) చేతుల్లోకి పోతుంది. "గిర్రున తిప్పుతాండా కదా మామా, ఎందుకు పోవట్లేదు?" అని వాడి బాధ.

దీనికి తోడు ముందు కాలు. కవర్ డ్రైవ్ అలవాటున్న పిల్లాడు బంతి దగ్గరికి అడుగేసి, ముందు మోకాలు వంచి, తలను దాని మీదికి తీసుకెళ్తాడు. క్రికెట్‌లో అది అందం. బేస్‌బాల్‌లో ముందు కాలు గట్టిగా నిలబడి ఒంటిని ఆపాలి, అప్పుడే నడుము తిరిగి ఆ వేగం చేతుల్లోకి వస్తుంది. మోకాలు వంగి తల ముందుకు పోయిందంటే నడుము తిరగదు, ఉన్నదల్లా చేతుల బలమే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. దూరం చూస్తే రెండు ఆటలకీ పెద్ద తేడా లేదు, పిచర్ నిలబడే చోటి నుంచి హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు, క్రికెట్‌లో వికెట్ల మధ్య 66 అడుగులు. తేడా అంతా బంతి నేలను తాకకుండా రావడంలో, ఇంకా బ్యాట్‌లో ఉంది. క్రికెట్ బ్యాట్ నాలుగుంపావు అంగుళాల వెడల్పు ఉండొచ్చు, పైగా చదును. పెద్దవాళ్ల బేస్‌బాల్ బ్యాట్ ఎంత లావైనా 2.61 అంగుళాలు దాటకూడదు, అదీ గుండ్రం. అంచు తగిలి ఫోర్ పోయే అదృష్టం ఇక్కడ లేదు, వెనక్కి పోతే ఫౌలే, పరుగులు రావు.

సరే, వస్తువు సంగతికొద్దాం. దిమ్మ బరువు చాలదు. ఆషాఢం గాలి ఎట్లుంటుందో మనకి తెలిసిందే, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. కాస్త గట్టిగా వీస్తే బంతి కప్పులోంచి దానంతటదే పడిపోతుంది, గొట్టానికి బ్యాట్ తగిలితే దిమ్మతో సహా మూడు గజాలు ఎగిరిపోతుంది. తాడిపత్రి నాపరాయి ముక్క ఒకటి మిద్దె మీద పడి ఉంటే తెచ్చి దిమ్మ వెనక అంచు మీద పెట్టాం, కదల్లేదు. రాయి బ్యాట్ దారిలోకి రాకుండా చూసుకోండి.

రెండోది, ఎత్తు. గొట్టంలో గొట్టం జారే రకం ఇది, మర బిగించే రకం కాదు. నడుము ఎత్తున పెడితే నాలుగు దెబ్బలకి తొడ దగ్గరికి దిగిపోతుంది. పిల్లాడు గమనించడు, బంతి ఎక్కడుంటే అక్కడికి వంగి కొడతాడు, భుజం కిందికి వాలడం నేర్చుకుంటాడు, ఒక జబ్బు వదిలించబోతే ఇంకోటి అంటుకుంటుంది. పాత సైకిల్ ట్యూబ్‌ని కత్తిరించి పట్టీలా జాయింట్ దగ్గర చుట్టండి. గొట్టం కొసనున్న కప్పు రబ్బరు ఎండకి బీటలు వారింది, వరండాలో నీడలో పెట్టుకోవాల్సిన సామాను ఇది, ఏప్రిల్ నెలలో మిద్దె మీద వదిలేసేది కాదు. స్పేర్ కప్పు విడిగా అమ్మట్లేదు. దీనికే ఒక మార్కు కోశా.

ఇంకో మార్కు దిమ్మ ఆకారానికి కోశా, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. దిమ్మని హోమ్ ప్లేట్‌లా చేసి, గొట్టాన్ని సరిగ్గా దాని మధ్యలో పెట్టారు. చూసిన ఏ పిల్లాడైనా ఏం చేస్తాడు? ప్లేట్ పక్కన మ్యాచ్‌లో నిలబడినట్టే నిలబడతాడు. అప్పుడు బంతి వాడి పొట్టకి ఎదురుగా వస్తుంది. నిజం ఆటలో బంతిని కొట్టాల్సింది పొట్ట దగ్గర కాదు. నడిమధ్యగా వచ్చే బంతిని ముందు పాదానికి కాస్త అటూ ఇటూగా కలవాలి, ఒంటి మీదికి వచ్చేదాన్ని పాదం కన్నా ఇంకా ముందే, బయటికి పోయేదాన్ని కాస్త వెనక్కి రానిచ్చి. పొట్టకి ఎదురుగా టీ పెట్టి రోజూ వంద బంతులు కొట్టించారంటే డబ్బులిచ్చి మరీ స్వింగ్ పాడు చేయించుకున్నట్టే. కంపెనీ ఇచ్చిన కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు, "పిల్లలకు దూరంగా ఉంచండి" అని మాత్రం ఉంది, పిల్లల ఆట సామాను మీద!

దీనికి మందు తేలిక. దిమ్మ ప్లేట్ ఆకారంలో ఉందన్న సంగతి మర్చిపోండి. విడిగా అట్టపెట్టె కోసి ప్లేట్ చేసుకోండి, ముందు అంచు 17 అంగుళాలు, పక్కలు ఎనిమిదిన్నర, వెనక ఏటవాలు అంచులు 12. పిల్లాడిని ఆ అట్టని బట్టి నిలబెట్టి, టీని మాత్రం వాడు అడుగేసినాక ముందు పాదం ఎక్కడ పడుతుందో చూసి అక్కడికి జరపండి. అది కూడా ఒంటి వైపుకి. చేతులు చాచేసే పిల్లాడికి బయటి బంతి పెడితే హాయిగా చాచి కొట్టేస్తాడు, జబ్బు కనపడనే కనపడదు. లోపలి బంతి పెట్టినప్పుడే దొరికిపోతాడు. చేతులు ముందే చాచాడా, బ్యాట్ లావు భాగం బంతిని దాటి అవతలికి పోతుంది, హ్యాండిల్ దగ్గరి సన్నటి భాగం తగులుతుంది, అరచేతిలో జిల్లుమంటుంది. నేను నోరు తెరవాల్సిన పనే లేదు, వాడి అరచెయ్యే చెప్తుంది. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచి, నడుము ముందు తిరిగి, బ్యాట్ నాబ్ (హ్యాండిల్ చివరి గుండు) బంతి వైపు వెళ్లి, ఆ తర్వాత కొస వచ్చిందంటే టప్పున తగులుతుంది. ఆ చప్పుడు తేడా ఇంట్లో కూర్చున్న మా అక్కకి కూడా తెలిసిపోయింది, "ఇప్పుడు బాగా పడింది కదా" అని కిటికీలోంచి అడిగింది.

ఇంకో చిట్కా, నాకు అన్నిటికన్నా నచ్చింది. బంతి మీద స్కెచ్ పెన్నుతో బొట్టు పెట్టండి. కప్పులో పెట్టేటప్పుడు ఆ బొట్టు బంతి వెనక వైపు, అందులోనూ బ్యాటర్‌కి దగ్గరగా ఉన్న పక్కకి ఉండాలి. "బంతిని కొట్టొద్దు అబ్బీ, బొట్టుని కొట్టు" అంతే చెప్పా. మోచెయ్యి ఎక్కడుండాలి, మణికట్టు ఎప్పుడు తిరగాలి అని పాఠం చెప్తే పిల్లాడు బిగుసుకుపోతాడు, అదే బొట్టు చూపిస్తే చేతులు వాటంతట అవే లోపలినుంచి వస్తాయి, ఎందుకంటే చాచి చుట్టు తిప్పితే బ్యాట్ వచ్చేది బయటి పక్కకి, బొట్టు ఉండేది లోపలి పక్కన.

వల కొనలేదు. వేరుశనగ బుడ్డలు ఆరబోసే పాత పట్ట ఒకటి ఊళ్లో మా చిన్నాన్న ఇంట్లో ఉంటే తెచ్చి మిద్దె మీద రెండు కొక్కేలకు వదులుగా వేలాడదీశాం. బిగించి కట్టొద్దు, బంతి తిరిగి మొహం మీదికి వస్తుంది. వదులుగా ఉంటే తగిలి అక్కడే కింద పడిపోతుంది. ఆ పట్టే ఇంకో పనికి కూడా వచ్చింది: బంతి, టీ పక్కన పెట్టేసి, బ్యాట్ నాబ్‌ని బొడ్డుకి ఆనించి, కొస పట్టకి తాకేంత దూరంలో పిల్లాడిని పట్టకి ఎదురుగా నిలబెట్టి, పట్టకి తగలకుండా స్వింగ్ చెయ్యమనండి. చేతులు చాచితే బర్రున పట్టకి రాసుకుంటుంది. అమెరికాలో దీన్ని ఇనుప కంచె దగ్గర చేయిస్తారు, కంచెకి తగిలితే బ్యాట్ గీతలు పడుతుంది, మన పట్టకి తగిలితే ఏమీ కాదు. మొదట్లో నిదానంగానే చేయించండి.

ముందు మోకాలు సంగతికి టీ ఒక్కటే చాలదు, ఫోన్ కావాలి. స్లో మోషన్‌లో పిల్లాడి ఛాతీకి ఎదురుగా నిలబడి తియ్యండి, బంతి పోయే వైపు మాత్రం నిలబడొద్దు. తల వెనక గోడ మీద ఏదైనా గీత ఉంటే మంచిది, అడుగేసినాక తల ఆ గీతని దాటి ఎంత ముందుకు పోతోందో తెలుస్తుంది. మావాడికి వీడియో చూపిస్తే "నేను ఒతానీ లెక్క ఉండా" అన్నాడు. షోహెయ్ ఒతానీ 2024లో 54 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టి 59 బేసులు దొంగిలించినవాడు (బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరడాన్ని అలా అంటారు), పైగా ఎడమచేతి వాటం బ్యాటర్. వీడు ఆయన దగ్గర కాపీ కొట్టింది స్వింగ్ అయిపోయాక బ్యాట్ భుజం మీదికి వచ్చే పోజు ఒక్కటే. కొట్టిన తర్వాత పోజు ఎవరైనా పెడతారు, కొట్టకముందు సంగతి చూడరా అన్నా.

పట్టు గురించి కూడా ఒక మాట. క్రికెట్ పిల్లలు అరచేతిలో కుక్కి పట్టుకుంటారు. ఇక్కడ వేళ్లలో ఉండాలి, తలుపు కొట్టేటప్పుడు వాడే కణుపులు రెండు చేతులవీ ఇంచుమించు ఒకే వరసలోకి రావాలి.

పీటీ సార్ దగ్గర ఒక అభిప్రాయ భేదం వచ్చింది. ఆయన మంచి మనిషి, పిల్లల కోసం ఎండలో నిలబడే మనిషి, కానీ "కింది వైపుకి నరికినట్టు కొట్టు" అని చెప్తారు. పాత పద్ధతి అది. పిచర్ నిలబడే మట్టి దిబ్బే నేల కన్నా 10 అంగుళాలు ఎత్తు, 1969కి ముందు 15 ఉండేది, దాని మీద నుంచి చెయ్యెత్తి విసిరిన బంతి కిందికి దిగుతూ వస్తుంది. దిగుతూ వచ్చేదాన్ని బ్యాట్ కొంచెం పైకి లేస్తూ కలిస్తే రెండూ ఒకే గీత మీద ఎక్కువసేపు ఉంటాయి, 1941లో .406 సగటు, అంటే వెయ్యికి 406 హిట్ల లెక్కన, కొట్టిన టెడ్ విలియమ్స్ జీవితమంతా చెప్పిందీ అదే. అయినా ఈ గొడవ మావాడి స్థాయికి అనవసరం. చేతులు దగ్గర ఉంచి, బొట్టు మీద కొడితే బంతి పట్ట మధ్యలో తిన్నగా తగులుతోంది, పైకో కిందికో తర్వాత చూసుకోవచ్చు. సార్‌తో వాదన పెట్టుకోలేదు, ఆయన ముందు ఒకలా ఇంట్లో ఒకలా కొట్టమని పిల్లాడిని ఇరకాటంలో పెట్టడం కూడా నాకిష్టం లేదు, బొట్టు బంతి తీసుకెళ్లి చూపిస్తే ఆయన కూడా రెండు కొట్టి చూసి "బానే ఉందే" అన్నారు.

ఇక చేసిన పనికి కోసిన అర మార్కు. టీ మీద బంతి కదలదు. ఇంట్లో ముత్యాల్లాంటి స్వింగ్ చేసిన పిల్లాడు గ్రౌండ్‌లో పిచర్ ఎదురుగా నిలబడగానే మళ్లీ చేతులు చాచేశాడు. టైమింగ్ టెన్షన్‌లో ఒళ్లు పాత అలవాటుకే పరిగెడుతుంది. అందుకని టీ తర్వాత దగ్గరి నుంచి మెల్లగా విసిరి కొట్టించే పని ఉండాలి, నేను పట్ట అడ్డం పెట్టుకుని దాని పక్కనుంచి విసురుతా, తొందర్లో ఉన్న రోజు మెత్తటి రబ్బరు బంతితో. వరస కూడా ముఖ్యమే, ఐదారు టీ మీద, ఐదారు విసిరినవి, మళ్లీ టీ. విసిరినప్పుడు పాత జబ్బు బయటపడితే వెంటనే లోపలి బంతికి వెనక్కి రండి. మొత్తం వందా టీ మీద కొట్టించేసి, తర్వాత వందా విసిరితే లాభం తక్కువ.

ఇప్పటి పరిస్థితి: స్ట్రైక్ అవుట్లు (మూడు అవకాశాలూ పోగొట్టుకుని అవుటవడం) అవుతూనే ఉన్నాయి, అందులో అబద్ధం లేదు. కానీ లోపలికొచ్చిన బంతికి అరచేతులు విదిలించుకోవడం తగ్గింది, పోయినసారి ప్రాక్టీస్ మ్యాచ్‌లో అలాంటి బంతినే థర్డ్ బేస్ మీదుగా గట్టిగా లాగాడు. మోకాలు ఇంకా వంగుతోంది.

మిగతా సామాను గురించి క్లుప్తంగా. బ్యాట్‌కి తగిలించే బరువు రింగు వద్దు, అది తీశాక బ్యాట్ తేలిగ్గా అనిపిస్తుంది, అంతమాత్రాన స్వింగ్ వేగం పెరగదు, చేతులు చాచే పిల్లాడికైతే ఆ బరువు కొసని ఇంకా బయటికి లాగుతుంది. బ్యాట్ కొనేటప్పుడు జాగ్రత్త. టౌన్‌లో ఒక స్పోర్ట్స్ షాపులో మాకు సాఫ్ట్‌బాల్ బ్యాట్‌ని బేస్‌బాల్ బ్యాట్ అని అంటగట్టారు, "రెండూ ఒకటే సార్, మీరట్ మాల్" అన్నాడు. ఒకటి కావు. సాఫ్ట్‌బాల్ బ్యాట్ సన్నం, రెండుంపావు అంగుళాలే, గట్టి బేస్‌బాల్‌తో వాడితే అల్యూమినియం సొట్టలు పడుతుంది. పిల్లల బేస్‌బాల్ బ్యాట్ లావు రెండున్నర అంగుళాలు దాటి ఉండొచ్చు. బ్యాట్ మీద పొడవు అంగుళాల్లో, బరువు ఔన్సుల్లో రాసి ఉంటుంది, పొడవు 30, బరువు 20 అయితే మైనస్ 10 అంటారు, ఈ వయసు పిల్లలకి ఆ దరిదాపుల్లోనే తీసుకోండి. చేతులు చాచేయడానికి సగం కారణం మోయలేని బ్యాటే. మార్చుకోవడానికి వెళ్తే బిల్లు మీద "వెనక్కి తీసుకోబడదు" అన్న ముద్ర చూపించాడు.

రెండు వేలు పెట్టలేకపోతే టీ ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇనుప పైపుతో వెల్డింగ్ చేయించకండి, ఒక్క తప్పు దెబ్బకి బ్యాట్ పోతుంది, మణికట్టు కూడా. ప్లంబింగ్ పీవీసీ పైపు, అడుగున సిమెంటు పోసిన పాత పెయింట్ డబ్బా, పైన లారీ రేడియేటర్ హోస్ ముక్క జానెడు. హోస్ మెత్తగా వంగుతుంది, బంతి దాని నోట్లో సరిగ్గా కూర్చుంటుంది, ఆటోనగర్‌లో పాత ముక్క అడిగితే ఊరికే కూడా ఇస్తారు. డబ్బా కాబట్టి ప్లేట్ ఆకారం గొడవ ఉండదు, పిల్లాడు దాన్ని చూసి తప్పుగా నిలబడే ప్రమాదమూ లేదు, ఆషాఢం గాలికి కదలదు. ఎత్తు మారదన్నదే లోటు, రెండు పైపులు వేరు వేరు పొడవుల్లో కోసి పెట్టుకోండి. మా కొన్న టీ కప్పు పూర్తిగా చిరిగిపోతే కొత్తది కొనను, హోస్ ముక్కే తగిలిస్తా, కొలత కూడా చూసి పెట్టుకున్నా.